నాచారం చీటీకి వెనకవైపు

మా వీధిలో ఎవరైనా కాశీ వెళ్ళొస్తే గంగ చెంబులు పంచుతారు. తిరుపతి వెళ్ళొస్తే లడ్డూని ఇంటికో ఆవగింజంత పంచుతారు. నేను నాచారం వెళ్ళొచ్చాను. పంచడానికి ఏమీ తేలేదు. "అక్కడ చూడ్డానికి ఏముందండీ?" అని అడిగినవాళ్ళకు, ఒక దవాఖానాలో ఒక కుర్చీ ఉంది, దాన్ని చూసొచ్చాను అని చెప్పాను. రిటైరయ్యాక మనిషికి ఇలాంటివి మామూలే అన్నట్టు చూసి ఊరుకున్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

సంగతేమిటంటే, మా తునిలో చందాలతో నడిచే ఉచిత ఆసుపత్రి ఒకటుంది. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పినందుకు శిక్షగా నన్ను దాని కమిటీలో వేశారు. కమిటీ పని ఏడాదికోసారి గోడలకు రంగు ఎంచడం. ఈ ఏడు రంగు దగ్గర పేచీ రాలేదు. సమయం మిగిలిపోయింది. అప్పుడెవరో అన్నారు, హైదరాబాదు నాచారంలో మనలాంటిదే ఒక దవాఖానా ఉందట, అందులో డాక్టరు పక్కనే ఒక వకీలును కూర్చోబెట్టారట, దాంతో జనానికి జబ్బులు తగ్గుతున్నాయట అని. వకీలు పక్కనుంటే ఉన్న జబ్బు ముదరాలిగానీ తగ్గడమేమిటని మా అందరికీ అనుమానం. చూసి రమ్మని నన్ను పంపారు. ఖర్చులు నావే.

ఉప్పల్: ఆకాశంలో ప్రదక్షిణం

మా బావమరిది రైల్వేలో చేసి రిటైరై ఉప్పల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఆ వీధిలో సగంమంది రిటైరైన సైంటిస్టులు, సగంమంది రైల్వేవాళ్ళు. పొద్దున్నే కలిసి నడుస్తూ వాళ్ళు భూకంపాల గురించి, వీళ్ళు రైళ్ళ గురించి ఒకే మాట చెప్పుకుంటారు: ఎప్పుడొస్తుందో ముందే చెప్పలేం.

బుధవారం సాయంత్రం ఒక్కణ్ణే బయల్దేరి ఉప్పల్ చౌరస్తా దాటబోయాను. అక్కడ రోడ్డు దాటడానికి ఆకాశంలో గుండ్రంగా ఒక వంతెన వేశారు. ఎక్కాను. కింద బస్సులూ లారీలూ బొమ్మల కొలువులా కదులుతుంటే చూసుకుంటూ తీరిగ్గా నడిచి, దిగాను. దిగేసరికి ఎదురుగా, నేను ఎక్కినప్పుడు కనిపించిన జామకాయలమ్మే ఉంది.

"ఏంది సారూ, మల్లొచ్చినవ్? ఇప్పుడే పైకి వోతివి గద!"

గుండ్రంగా తిరిగొచ్చేశానమ్మా అన్నాను.

"మంచిదే. గుళ్ళె అయితె మూడు తిరుగుతరు. ఇంకో రెండు తిరిగి రాపో, పుణ్యమొస్తది."

అంతమంది ముందు మాట పడ్డాక ఊరికే పోవడం బాగుండదని అరకిలో జామకాయలు తీసుకున్నాను. ధర మా ఊరికి దాదాపు రెట్టింపు. కాకపోతే కాయను నాలుగు ముక్కలు కోసి ఉప్పూ కారం అద్ది ఇస్తారు. మా వైపు ఆ పని కొన్నవాడే చేసుకోవాలి. రోడ్డు దాటడం మర్నాటికి వాయిదా వేసి, ముక్కలు తింటూ ఇంటికి వచ్చాను.

నాచారం: బరువు చూసే మిషను పక్కన

గురువారం పొద్దున నాచారం. ఆ రోడ్డుకు ఒక వాసనుంది. మందుల కంపెనీలు, ఇనుప సామాను కంపెనీలు కలిసి వంట చేస్తే వచ్చే వాసన. షిఫ్టు టైమైతే మోటారు సైకిళ్ళు ఏరులా వస్తాయి. హ్యాండిలుకు ఒక టిఫిను డబ్బా వేలాడుతూ ఉంటుంది. ఆ డబ్బాల చప్పుడును బట్టే నిండుగా పోతున్నారో ఖాళీగా వస్తున్నారో చెప్పొచ్చని మా ఆటో అతను అన్నాడు.

దవాఖానా ఒక పాత ఇంటి కింది వాటా. పేరు రాయొద్దని వాళ్ళే అడిగారు. నేను ఎవరినో చెప్పుకునే లోపలే ఒకావిడ నా చేతిలో టోకెన్ పెట్టింది. టోకెన్ ఇచ్చాక కాదనడం మర్యాద కాదని కూర్చున్నాను. పిలిచారు. డాక్టరు మాధవి గారు నా జబ్బకు పట్టీ చుట్టి బీపీ చూశారు. నిద్ర పడుతోందా, ఆకలి ఉందా, మలబద్ధకం ఏమైనా ఉందా అని వరసగా అడిగి, అదే గొంతుతో, "ఇంట్లో తెరవకుండా పక్కన పెట్టిన కాగితం ఏమన్నా ఉందా?" అన్నారు.

లేదన్నాను. తునిలో మా ఫ్రిజ్జు మీద మునిసిపాలిటీ కవరొకటి ఏడు నెలలుగా పడి ఉంది. కానీ డాక్టర్లకు అన్నీ చెప్పుకుంటామా?

"బీపీ కొద్దిగా ఎక్కువుంది. ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి" అని చీటీ రాశారు. నిన్ననే ఆకాశంలో ఒక చుట్టు నడిచానని చెప్పి, అప్పుడు నేనెవరినో చెప్పాను. ఆవిడ నవ్వి తన పక్కన నాకు కుర్చీ వేయించారు.

అక్కడ చీటీకి ముందువైపు డాక్టరుది, వెనకవైపు వకీలుది. ఇది ఎలా మొదలైందో మాధవి గారే చెప్పారు. ఈ బస్తీలన్నిట్లో ఇంటికంతటికీ పెద్ద కవరు ఒకటే ఉంటుంది, ఎక్స్‌రేతో పాటు ఇచ్చింది. అందుకని ఇంట్లో ముఖ్యమైన కాగితాలన్నీ అందులోకే చేరతాయి. ఒకసారి ఒక పిల్ల ఎక్స్‌రే అడిగితే తల్లి ఆ కవరు బల్ల మీద బోర్లించింది. రేషన్ కార్డు, బడి టీసీ, ఎవరిదో పెళ్ళి పత్రిక, వాటితో పాటు ఇల్లు ఖాళీ చేయమని వచ్చిన నోటీసు. చివరికి ఎక్స్‌రే. "ఆ పిల్లకు దగ్గు ఎందుకు తగ్గదా అని మూడు నెలలు సిరప్‌లు మార్చాను. గోడంతా చెమ్మ అట. బాగు చెయ్యమని అడిగితే యజమాని ఖాళీ చెయ్యమన్నాడట. దానికి నా దగ్గర సిరప్ లేదు కదా" అన్నారావిడ.

ఆ తర్వాతే కుర్చీ వచ్చింది. అందులో కూర్చునేది రజియా. ముప్పై అయిదేళ్ళుంటాయి. నల్లకోటు ఇంట్లో పెట్టి వస్తుంది. కుర్చీని కావాలనే బరువు చూసే మిషను పక్కన వేయించుకుంది.

"వకీలాఫీసుకు పొమ్మంటె ఎవ్వరు పోరు సార్. నల్లకోటు సూస్తెనే కేసయిందనుకుంటరు. ఈడికైతె బరువు సూసుకోనీకి వస్తరు. దిగంగనే పక్కకు నేనుంట. సలాం చెప్త, కూసుంటరు."

నేను చూస్తుండగానే ఒక ముసలావిడ మిషను దిగి కూర్చుంది. ఆవిడ చీటీ ముందువైపు "మాత్ర అన్నం తిన్నాక, రోజుకు రెండుసార్లు" అని ఉంది. వెనకవైపు డాక్టరు ఒకే ఒక్క మాట రాశారు: "ఎట్ల?" ముసలావిడకు పింఛను ఆగి నాలుగు నెలలైంది, తినేది ఒక్కపూట. అన్నం ఒకసారి, మాత్ర రెండుసార్లు ఎలా కుదురుతుంది? అదే ఆ మాటకు అర్థం. ఆ జవాబు వెతకడం రజియా పని.

యాదగిరి చెప్పు

పదకొండు గంటలకు ఒక మనిషి గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. యాభై ఉంటాయి. భుజాలు చూస్తే తలుపులు పట్టవు. ఎడమకాలి చెప్పును మాత్రం పాదానికి రబ్బరు పట్టీతో కట్టుకున్నాడు. ఇదేం ఫ్యాషనో అనుకున్నాను.

"చెప్పు ఊడిపోతుంది సారు. ఊడిపోయినట్టు నాకు ఎరుక గాదు. ఇంటికి వొయినంక సూస్తె ఒక్కటే ఉంటది" అన్నాడు, చెప్పుదే తప్పన్నట్టు.

పేరు యాదగిరి. మల్లాపూర్‌లో ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద డ్రమ్ములు ఎత్తుతాడు. తొమ్మిదేళ్ళుగా అదే గేటు, అవే డ్రమ్ములు. నడుములో వెన్నుపూసల మధ్య బిళ్ళ జారి నరం మీద పడింది. మాధవి గారు బొటనవేలు పైకెత్తమన్నారు. అతను చాలా శ్రద్ధగా వేలి వంక చూశాడు. వేలు కదల్లేదు. ఇద్దరూ కాసేపు దాన్నే చూశారు.

"యాదగిరీ, పోయినసారి కొంచెమన్నా లేచింది. ఇప్పుడు బరువు మానేసి మూడు నెలలు పడుకుంటే కాలు తిరిగొస్తుంది. ఇంకా ఎత్తావంటే ఇట్లనే ఉండిపోతుంది. అప్పుడు చెప్పొక్కటే కాదు, కాలు కూడా కట్టుకుని తిరగాలి."

"పండుకుంటె ఎట్ల అమ్మా?" అన్నాడు.

డాక్టరు చీటీ తిప్పి వెనక అదే రాశారు: "ఎట్ల?"

రజియా దగ్గర జవాబు సగం ఉంది. జీతంలో నెలనెలా కార్మికుల బీమాకు కోత పడుతుంది. ఇలాంటి జబ్బుకు పడుకోవాల్సి వస్తే ఆ బీమా జీతంలో చాలా భాగం ఇస్తుంది. అది దానం కాదు, అతను కట్టుకున్నదే. అయితే అందుకు తగినన్ని నెలలు ఆ నంబరు మీద చందా పడి ఉండాలి. యాదగిరి కార్డు వయసు నాలుగు నెలలు.

తొమ్మిదేళ్ళ మనిషికి నాలుగు నెలల కార్డేమిటంటే, నాలుగు నెలల కిందట కాంట్రాక్టరు మారాడు. కొత్తాయన అందరినీ కొత్తగా చేరినట్టు రాసి, కొత్త నంబర్లు ఇప్పించాడు. పాత నంబరు దొరికితే రెంటినీ కలపమని దరఖాస్తు పెట్టొచ్చు. పాత కాంట్రాక్టరు ఆఫీసుకు తాళం, ఫోను మోగదు. ఆధార్ కలపకముందు ఇచ్చిన నంబరు అది. పేరు మీద వెతుకుదామంటే, కొండ మీది దేవుడు దగ్గర్లోనే ఉన్నాడు కాబట్టి ఆ చుట్టుపక్కల ఇంటికొక యాదగిరి.

"పాత కార్డు యాదికి దెచ్చుకో అన్నా" అంది రజియా.

"పాతది పాతదే గద మేడం. కొత్తదొచ్చినంక పాతదెందుకని పారేయమన్న మా ఆమెకు."

అక్కడివాళ్ళంతా చేసే తప్పు అదేనట. మనం గడువు తీరిన బస్సు పాసును పారేసినట్టు, వాళ్ళు తొమ్మిదేళ్ళ సర్వీసును పారేస్తారు.

సోమవారం నుంచి సెలవని రాసి కాగితం మీద సంతకం పెడతానన్నారు డాక్టరు. యాదగిరి శనివారం చెప్తానన్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, కిందికి చూసి చెప్పుందో లేదో సరిచూసుకున్నాడు. చెప్పడు, సోమవారం డ్రమ్ములే ఎత్తుతాడు అని గదిలో అందరికీ అర్థమైంది.

మల్లాపూర్: గేటు బయట భోజనాలు

శుక్రవారం మధ్యాహ్నం రజియా స్కూటీ వెనక కూర్చుని మల్లాపూర్ వెళ్ళాను. మా తునిలో నా వయసువాడు వేరే ఇంటి ఆడపిల్ల బండి వెనక కూర్చుంటే సాయంత్రానికి నాలుగు వీధులకు తెలుస్తుంది. అక్కడ ఒక్కరూ తల తిప్పలేదు. కొంచెం చిన్నబోయాను.

గేటు ఎదురుగా వేపచెట్టు నీడలో డబ్బాలు విప్పుకుని పదిమంది తింటున్నారు. రజియా పాత కార్డు సంగతి అడిగింది.

"యాదగిరి పాత కార్డా? నా పెండ్లి కార్డే లేదు మేడం నా దగ్గర" అన్నాడు ఒకాయన.

"మరి పెండ్లయినట్టు సబూత్ ఏంది మామా?" అన్నాడు పక్కతను.

"మీ అత్త నోరు సాలదా?"

నవ్వుల్లోనే అసలు సంగతి బయటపడింది. పదిమందిలో ఏడుగురు అదే గేటులో రెండుసార్లు, మూడుసార్లు "కొత్తగా చేరారు". పాత కార్డులు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. రజియా తినేవాళ్ళ పక్కనే కూర్చుని వాళ్ళ నంబర్లు రాసుకుంది. ఊరగాయ ముక్క కూడా తీసుకుంది. యాదగిరి నంబరు మాత్రం ఎవరికీ తెలియదు.

ఈలోగా నాకొక బుద్ధి పుట్టింది. గేటు పక్కన నీలం రంగు డ్రమ్మొకటి ఉంటే, ఎంత బరువుంటుందో చూద్దామని రెండు చేతులా పట్టుకుని లేపబోయాను. లేవలేదు. నా నడుములో మాత్రం ఏదో పలికింది.

"సారూ, అది ఖాళీ డ్రమ్ము. నిండుది లోపటుంది, దెమ్మంటవా?" అన్నాడు పెళ్ళి కార్డు లేని మామ.

భోజనాల గంట అయిపోయింది. గేటు సందులోంచి యాదగిరి కనిపించాడు. నిండు డ్రమ్మును వంచి, అంచు మీద దొర్లించుకుంటూ పోతున్నాడు. ఎడమకాలు వెనక నుంచి ఎవరో లాగుతున్నట్టు ఈడుస్తున్నాడు. మమ్మల్ని చూసి, ఇంట్లో చుట్టాలొచ్చినప్పుడు నవ్వినట్టు నవ్వాడు. డ్రమ్ము మీంచి చెయ్యి తియ్యలేదు. రజియా స్కూటీ స్టార్టు చేయడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది.

రొట్టె పీట

సాయంత్రం ఏదైనా తిందామని రజియా నన్ను నాచారం రోడ్డు మీద ఒక రొట్టెల బండి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ బండి యాదగిరి భార్య అండాలుది. రొట్టెలు తిన్నట్టూ ఉంటుంది, కార్డు గురించి ఇంకోసారి అడిగినట్టూ ఉంటుంది.

మా వైపు రొట్టంటే దిబ్బరొట్టె. దానికి బరువుంది. జొన్నరొట్టెకు చప్పుడుంది. అండాలు పిండి ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో టపటపా కొడుతూ తిప్పుతుంటే అది తనంతట తనే పౌర్ణమి చంద్రుడంత అవుతుంది. ఒక రొట్టె ఇరవై రూపాయలు, పచ్చిమిర్చి తొక్కు ఉచితం. ఆ తొక్కు నోట్లో పెట్టుకున్నాక నేను రెండు నిమిషాలు ఏ దేశంలో ఉన్నానో చెప్పలేను.

"సారుకు నీళ్ళియ్యి అక్కా" అంది రజియా.

"నీళ్ళు దాగితె ఇంకా మండుతది. ఇంకో రొట్టె తినుమను" అంది అండాలు. వ్యాపారం ఆమెకు బాగా తెలుసు. తిన్నాను.

"బీరువ మల్ల సూసినవా అక్కా?"

"సూసిన మేడం. పెట్టె సూసిన, దేవుని గూడు సూసిన, బియ్యం డబ్బల గూడ చెయ్యి వెట్టిన. లేదు."

రొట్టెను పెనం మీద వేసి, పీటకు అంటుకున్న పిండిని అండాలు చేతిలో ఒక ముక్కతో చరచరా గీకింది. ముప్పై ఏళ్ళు పరీక్ష హాల్లో పిల్లల చేతుల్లో ఏముందో చూస్తూ బతికినవాణ్ణి. చేతిలో ఉన్నది ఏమిటో చూడకుండా ఉండలేను. అది లామినేషన్ చేసిన అట్టముక్క. దాని మీద ఏదో బొమ్మ.

"ఏమిటమ్మా అది?"

"గీకేది సారు. పిండి అంటుకుంటది గద పీటకు."

"అది కాదు. దాని మీద బొమ్మ."

ఆమె కొంగుతో తుడిచింది. పిండి కింద నుంచి ఒక మీసం బయటికి వచ్చింది. "మా ఆయన. ఇగో, పక్కకు నేను. అప్పట్ల జుట్టుండె ఆయనకు."

రజియా నోట్లో రొట్టె ఉంది. దాంతోనే అరిచింది. "అక్కా! గది ఇటియ్యి!"

"ఆగు మేడం, పెనం మీదిది మాడుతది."

మాడనివ్వలేదు. తిప్పింది, కాల్చింది, తీసింది, వరసలో నిలబడ్డ అతనికి పొట్లం కట్టి ఇచ్చింది. అప్పుడు కార్డు ఇచ్చింది. రజియా దాన్ని వేన్నీళ్ళతో కడిగింది. రోజూ గీకి గీకి ఒక అంచు అరిగిపోయింది. అడ్రసు మొత్తం రొట్టెల్లో కలిసిపోయింది. నంబరు మాత్రం మధ్యలో భద్రంగా ఉంది.

"ఎన్ని దినాల సంది తిరుగుతున్న అక్కా దీనికోసం! పెట్టెల ఉందా అంటె లేదన్నవు, బీరువల ఉందా అంటె లేదన్నవు!"

"పెట్టెల లేదు గద మేడం. నేనేమన్న అబద్ధం చెప్పిన్నా? ఈడుంది." తర్వాత కాస్త తగ్గి, "ఆయన పారెయ్ అన్నడు. ఫోటోల ఇద్దరం మంచిగొచ్చినం. పారెయ్య బుద్ధిగాలె. ఊకె ఎందుకుండాలె అని పనికి వెట్టిన. ఫోటో మీదికే ఉంచుకోని గీకుత, గీతలు పడకుంట" అంది.

నిజమే. కార్డంతా గీతలే. ఆ ఇద్దరి మీద మాత్రం ఒక్క గీతా లేదు.

రజియా నంబరు చదివింది. రాసుకోవడానికి నా జేబులో ఒకే కాగితం దొరికింది, నా బీపీ చీటీ. ముందువైపు "ఉప్పు తగ్గించాలి" అని ఉంటే, వెనకవైపు యాదగిరి తొమ్మిదేళ్ళు రాసుకున్నాను. ఒక్కో అంకె రెండేసిసార్లు చదివించుకున్నాను. పౌరశాస్త్రం పాఠంలో హక్కుల గురించి ఏటా చెప్పేవాణ్ణి. అవి చేత్తో రాస్తే ఎలా ఉంటాయో ఆ రోజే చూశాను.

కార్డు తనతో తీసుకెళ్తానంది రజియా.

"మరి పీట ఎట్ల గీకాలె?" అంది అండాలు.

శనివారం: ఎవరేమంటారు

శనివారం పొద్దున ఉప్పల్‌లో గిన్నెల కొట్టుకు వెళ్ళి, పిండి గీకేది కావాలని అడిగాను. కొట్టాయన నాకు అయిదు రకాలు చూపించాడు. స్టీలుది చెయ్యి కోస్తుందేమోనని చెక్క పిడి ఉన్నది తీసుకున్నాను. ఈసారి ఆకాశవంతెన సరైన వైపే దిగాను. జామకాయలమ్మ నన్ను చూసి కొంచెం నిరాశపడింది.

దవాఖానాలో యాదగిరి, అండాలు పక్కపక్కనే కూర్చుని ఉన్నారు, ఫోటోలోలాగే. జుట్టు ఒక్కటే తేడా. దరఖాస్తు సిద్ధంగా ఉంది. డాక్టరు సెలవు కాగితం మీద సంతకం పెట్టారు. రజియా అన్నీ ఎక్స్‌రే కవరులో సర్దింది.

"చూడన్నా, నెల పడ్తదో ఇంకెక్కువ పడ్తదో నేను చెప్ప. గారంటీ ఇయ్య. ఎంబడి వడి తిరుగుత, గది మాత్రం చెప్త."

"మరి సోమారం?" అన్నాడు యాదగిరి.

చీటీ వెనక "ఎట్ల?" అన్న మాట ఇంకా అలాగే ఉంది.

"సోమారం పండుకో. నేను ఇంకో ముప్పై రొట్టెలు ఎక్కువ కొడ్త" అంది అండాలు.

"పట్టపగలు మొగోడు పండుకుంటె గల్లీల ఏమంటరే?"

"ఏమంటరు? యాదగిరి పండుకుండు అంటరు. గంతె గద!"

"నవ్వుతరు."

"నవ్వనీ. నువ్వు కుంటుతుంటె నేను నవ్వుతున్ననా? నాలుగు నెలల సంది ఎన్క నుంచి నీ చెప్పులేరుకొస్తున్న. ఎవలికన్న చెప్పిన్నా?"

యాదగిరి వంగి రబ్బరు పట్టీ బిగించుకున్నాడు. ఆలోచిస్తానన్నాడు. అంతకంటే ఏమీ తేలలేదు. నేను చెక్క పిడి గీకేది అండాలు చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఫోటో లేదు గద సారు దీనికి" అంది. నవ్వుతోందనే అనుకున్నాను.

తుని: తిరిగొచ్చాక

తిరిగొచ్చిన రాత్రే ఫ్రిజ్జు మీది కవరు తెరిచాను. ఇంటిపన్ను కాగితంలో మా ఇంటికి లేని మూడో అంతస్తు ఉంది. ఏడు నెలలుగా నా నెత్తిన ఉన్న బరువు అదన్నమాట. సరిచేయమని అర్జీ పెట్టాను. బీపీ తగ్గిందని చెప్పను. ఉప్పు కూడా తగ్గించాను కనుక ఘనత ఎవరిదో తేలదు.

కమిటీకి అంతా వివరించాను. తెరవని కాగితం ప్రశ్న అడగడానికి మా డాక్టరు ఒప్పుకున్నాడు. కుర్చీ మంజూరైంది, బరువు మిషను పక్కనే వేశాం. కూర్చునే మనిషి కోసం చూస్తున్నాం. అంతదాకా వారానికి రెండు రోజులు నేనే కూర్చుంటున్నాను. మొదటి రోజు అందరూ నన్ను తమ బరువెంతో అడిగి వెళ్ళారు. రెండో వారం ఒకావిడ ఎక్స్‌రే కవరు తెచ్చింది.

యాదగిరి సంగతి మాత్రం తెలియలేదు. రజియాకు ఫోను చేస్తే "తిరుగుతున్న సార్" అనేది. మల్లాపూర్ గేటు సందులోంచి చూసిన ఆ కాలు అప్పుడప్పుడు గుర్తొచ్చేది. అయిదు వారాల తర్వాత, ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. టపటపా చప్పుడు వినపడగానే ఎవరో తెలిసింది.

"సారూ, నేను అండాలును. నంబర్లు రెండు కలిసినయంట. పైసలు మంజూరైనయని నిన్న కాగిదమొచ్చింది. వకీలమ్మ చదివి చెప్పింది."

చాలా సంతోషమమ్మా అన్నాను. ఇంకేదో అనాలనిపించింది. చివరికి గీకేది ఎలా ఉందని అడిగాను.

"మంచిగనే గీకుతుంది సారు. కార్డు ఎక్స్‌రే కవర్ల వెట్టిన. దినాం పొద్దుగాల ఒకపారి దీసి సూసుకుంట, ఉందా లేదా అని."

"యాదగిరి ఎలా ఉన్నాడు?"

"మొదాలు రెండు దినాలు ఇంట్ల అటిటు తిరిగిండు, దొంగ లెక్క. మూడో దినం నేనే తలుపు గొళ్ళెం వెట్టి బండికి వోయిన. ఇప్పుడైతె వేలు జరంత లేస్తుంది సారు. నాకు సూపిస్తడు పిలిచి." టపటపా ఆగింది. "ఇప్పుడు పండుకుండు. ఇంటికాడనే రొట్టెలు కొడ్తున్న, పక్కకే ఉన్నడు. లేపాల్నా? మాట్లాడ్తవా?"

మా ఇంట్లో గడియారం పదకొండూ అయిదు చూపిస్తోంది. పట్టపగలు. ఫోనులో ఆ చిన్న ఇంట్లోంచి, రొట్టెల చప్పుడు ఆగిన చోట, ఒక పెద్ద మనిషి గురక సన్నగా వినిపిస్తోంది.

వద్దమ్మా, లేపకు అన్నాను.